కెమెరాకి మూడు కాళ్లు ఎందుకొచ్చాయి?

ఇవాళ కెమెరా గురించి కాదు, దాని కింద ఉండే స్టాండు గురించి మాట్లాడుకుందాం. లెన్సుకి వేలకు వేలు పెట్టేవాళ్లు కూడా ట్రైపాడ్ దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటిలే" అంటారు. దాని చరిత్ర తెలిస్తే ఆ మాట అనలేం.

1826–27 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో నియెప్స్ తన కిటికీలోంచి తీసిన దృశ్యానికి గంటల తరబడి వెలుతురు కావాల్సి వచ్చింది. 1838లో డాగేర్ పారిస్‌లో ఒక వీధిని తీశాడు. రద్దీగా ఉండే వీధే, కానీ ఫోటోలో బళ్లు లేవు. ఎక్స్‌పోజరు నిమిషాలపాటు సాగేసరికి కదిలినవన్నీ మాయమైపోయాయి. ఒకచోట నిలబడి బూట్లు పాలిష్ చేయించుకుంటున్న మనిషి మాత్రం మిగిలాడు. మరి కెమెరాయే కదిలి ఉంటే? ఆ వీధీ మిగిలేది కాదు.

మన దగ్గర సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్ దయాళ్ ఉన్నారు. పెద్ద గాజు పలకల మీద ఆయన తీసిన భవనాల ఫోటోలు చూడండి, గోడల మీద నగిషీలు ఇప్పటికీ విడివిడిగా కనిపిస్తాయి. అంత పెద్ద కెమెరాని చేత్తో పట్టుకుని తీయడం కుదరని పని. దాన్ని మోసింది స్టాండే.

మూడు కాళ్లే ఎందుకంటారా? మన ముక్కాలి పీటని గుర్తు చేసుకోండి. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్లూ ఆనతాయి. నాలుగో కాలుంటే ఏదో ఒకటి గాల్లో లేచి ఊగుతుంది. మూడు రాళ్ల పొయ్యిదీ అదే లెక్క.

1925లో లైకా మార్కెట్లోకి వచ్చింది. అలాంటి చిన్న కెమెరాలు చేతిలోకి వచ్చాక, ఫిల్ము కూడా వేగం పుంజుకున్నాక, చాలామంది స్టాండు అటకెక్కింది. కానీ ఒక్కటి మాత్రం మారలేదండి: వెలుతురు తక్కువైతే సమయం ఎక్కువ కావాలి.

ఇది ఆత్రేయపురంలో బాగా తెలుస్తుంది. ఇక్కడి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఫోటోలు తీసేవాళ్లూ వస్తుంటారు. బోర్లించిన కుండ కింద మంట, చుట్టూ పొగ, మసక వెలుతురు. పల్చటి పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగితే క్షణంలో రేకు తయారు. చేత్తో పట్టుకుని సెకనులో 60వ వంతుకి తీయాలంటే ఐఎస్ఓ 6400 పెట్టాల్సి వచ్చిందనుకోండి. ఫోటో నిండా చుక్కలు పడతాయి, రేకు సన్నదనం అందులో కలిసిపోతుంది. అదే వెలుతురులో గట్టి స్టాండు మీద ఐఎస్ఓ 400 పెట్టి పావు సెకను తీయండి. కుండ, రేకు స్పష్టంగా నిలుస్తాయి, కదిలే చెయ్యి మాత్రం చెరుగుతుంది. ఆ చెరుగులోనే పని వేగం కనిపిస్తుంది.

ఇదే మండలంలో బొబ్బర్లంక ఉంది, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా గోదావరి వరదకి లంక ఒడ్డులు కోసుకుపోతూనే ఉన్నాయి. ఆ మార్పుని నమోదు చెయ్యాలంటే ఏటా ఒకే చోట, ఒకే ఎత్తులో, ఒకే వైపుకి కెమెరా నిలబడాలి. అప్పుడే రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే నది ఎంత తిన్నదో తెలుస్తుంది. ఆ ఫోటో రేపు ఊరికి సాక్ష్యం.

కాబట్టి కొనేటప్పుడు మీ కెమెరా, లెన్సు బరువుకంటే బాగా ఎక్కువ మోసే స్టాండు చూసుకోండి. లావు కాళ్లు ముందు తెరవండి, మధ్య కడ్డీ ఆఖర్న లేపండి. ఏటిగాలి ఉంటే బ్యాగు కిందకి వేలాడదీయండి. ఇసుకలో కాళ్లు గట్టిగా దిగేలా నొక్కండి. కెమెరాలు ఐదారేళ్లకి మారుస్తాం, మంచి స్టాండు మాత్రం అంతకంటే ఎక్కువ కాలమే ఉంటుంది.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవండి.