ఏడుగురు గీసిన గీత

పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించవచ్చు, దాని మౌలిక స్వరూపాన్ని మాత్రం చెరపకూడదు. సివిల్స్‌కు చదివేవాళ్లంతా బట్టీపట్టే ఈ సూత్రం రాజ్యాంగంలోని ఏ అధికరణంలోనూ లేదు. న్యాయమూర్తులు గీసిన హద్దు ఇది. దీని మొదలు భూమి తగాదాల్లో ఉంది.

జమీందారీ రద్దు చట్టాలకు కోర్టుల్లో చిక్కులు వస్తుంటే, నెహ్రూ ప్రభుత్వం 1951లో తొమ్మిదో షెడ్యూలు అనే కంచె వేసింది. సుప్రీంకోర్టు అదే ఏడు ఒకసారి, 1964లో మరోసారి ఇలాంటి సవరణలకు సరేనంది. 1967 ఫిబ్రవరిలో అడ్డం తిరిగింది. పంజాబ్‌కు చెందిన గోలక్‌నాథ్ కుటుంబం భూముల కేసులో, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని 11 మందిలో ఆరుగురు తేల్చారు. వారిలో పెద్ద మన రాజమండ్రివారు, ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. ఆయన చాకచక్యమంతా ఒక్క షరతులో ఉంది: జరిగిన పంపకాలు జరిగినట్టే, నిషేధం ఇకముందుకే. రెండు నెలలు తిరక్కుండానే ఆయన పదవి వదిలేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల్లో జాకిర్ హుసేన్ మీద నిలబడి ఓడిపోయారు. కోర్టులకు రాజకీయం అంటదని వాదించేవారు ఈ ముచ్చట ఎత్తరు.

మౌలిక స్వరూపమనే ఊహకు జర్మనీ నీడ ఉంది. హిట్లర్ అనుభవంతో 1949 నాటి జర్మన్ రాజ్యాంగం కొన్ని మూలసూత్రాలను సవరణకు అందకుండా పెట్టింది. డీటర్ కాన్రాడ్ అనే ఆచార్యుడు 1965లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో, సవరణాధికారానికి లోలోపలే హద్దులుంటాయని ప్రసంగించాడు. ఆ వాదన వకీళ్ల చేతికి చిక్కింది.

కాసరగోడ్ దగ్గరి ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతి కేరళ భూసంస్కరణల మీద వేసిన కేసును 13 మంది 68 రోజులు విన్నారు. 1973 ఏప్రిల్ 24న 7-6తో మౌలిక స్వరూపం గెలిచింది. ఆ ఏడుగురిలో పి. జగన్మోహన్ రెడ్డి ఒకరు. మర్నాడే ప్రభుత్వం, అదే పక్షాన నిలిచిన ముగ్గురు సీనియర్లను దాటేసి ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిని చేసింది.

అయినా గీత చెరగలేదు. 1975లో ప్రధాని ఎన్నికను కోర్టులకు అందకుండా చేసిన సవరణను, ఎమర్జెన్సీ నడుస్తుండగానే, ఆ గీత ఆధారంగానే కొట్టేశారు. 2015లో న్యాయమూర్తుల నియామక కమిషన్‌నూ దాంతోనే కొట్టేశారు. మొదటిది ప్రజాస్వామ్యాన్ని కాచిన తీర్పు. రెండోదానిలో కోర్టు తన వ్యాజ్యానికి తానే తీర్పరి అయింది.