మచిలీపట్నం అద్దకానికి నిలకడ లేదా?

కొనేవాడి మొహం చూసి పువ్వు మార్చిన అద్దకం మచిలీపట్నానిది. దానికి నిలకడ లేదంటే కాదనడం కష్టమే. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఈ రేవు నుంచి ఇరాన్‌కు ఒక తీరు గుడ్డ, తూర్పు దీవులకు మరో తీరు గుడ్డ ఓడెక్కేవి. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు కోఠీలు పెట్టాక ఐరోపా మెచ్చే నమూనాలూ వచ్చి చేరాయి. అయితే అసలు చపలత్వం ఎవరిది? ఎగబడి కొన్న ఫ్రాన్సే 1686లో అద్దకపు గుడ్డల్ని నిషేధించి, 1759లో ఆ నిషేధాన్ని ఎత్తేసింది. ఇంగ్లండ్ 1721 చట్టంతో వాటిని కట్టుకోవడమే నేరం చేసింది. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ల గోలకు దొరలు మాట మారిస్తే తప్పు లేదు గానీ, పొట్టకూటి కోసం అద్దకందారు అచ్చు మారిస్తే తప్పయిందన్నమాట!

అలాగైతే ఈ కళకు సొంత ముఖమేదని అడగవచ్చు. నమూనాలో వెతికితే దొరకదు, పనిలో వెతకాలి. గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఆపైన పటిక అద్దినచోటే చిరివేరు ఉడుకులో ఎరుపు పడుతుంది, అద్దనిచోట నిలవదు. ఇనుప తుక్కు, బెల్లం ఊరిన నీళ్లు నలుపునిస్తాయి. ఇరాన్ పరదాకైనా లండన్ గౌనుకైనా ఈ వరసే. చిరివేరూ పోయిందిగా అంటారా? నిజమే, 1869 తర్వాత ఐరోపా కర్మాగారాల్లో తయారైన అలిజరిన్ అనే ఎర్ర రంగు దాన్ని చాలావరకు తోసేసింది. కానీ చిరివేరులో ఎరుపునిచ్చేదీ ఆ పదార్థమే. కర్మాగారంలో పుట్టినా పటిక లేనిదే అది నూలును పట్టుకోదు. అందుకే వేరు పోయినా పటిక పోలేదు.