మూడున్నర నెలల గవర్నరు గారు

గవర్నరు అన్న పదం ఒక్కటే అయినా ఆ పదవికి బలమిచ్చే మూలం మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో ఉడ్రో విల్సన్ 1911లో న్యూజెర్సీ గవర్నరు అయినది ప్రజల ఓట్లతో. నాడు మన చెన్నరాజధానికి గవర్నరును ఆంగ్ల ప్రభుత్వమే నియమించేది. కోనసీమ రైతు శిస్తు చెల్లించవలసి వచ్చేది గాని, ఆ నియామకంలో అతని మాటకు తావు ఉండేది కాదు.

అట్టి పీఠాన్ని కొద్దికాలం అధిష్ఠించిన తెలుగువారు సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారు. మన గోదావరి సీమవారే. 1875లో జన్మించి, న్యాయవాదియై, జస్టిస్ పార్టీలో ప్రముఖులైనారు. 1919లో లండన్ వెళ్ళి, రాజ్యాంగ సంస్కరణలను పరిశీలిస్తున్న పార్లమెంటు సంఘం ముందు బ్రాహ్మణేతరుల పక్షాన వాదించారు. 1920 డిసెంబరులో ఏర్పడిన తొలి ద్వంద్వ ప్రభుత్వంలోని ముగ్గురు మంత్రులలో వారొకరు. 1929 నుండి 1932 వరకు దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ఏజెంటుగా, శ్రీనివాసశాస్త్రి గారి తరువాత, అక్కడి భారతీయుల బాగోగులు చూచారు.

1936లో గవర్నరు ఎర్‌స్కిన్ ప్రభువు సెలవుపై వెళ్ళగా, జూన్ 18 నుండి అక్టోబరు 1 వరకు నాయుడు గారు తాత్కాలిక గవర్నరు. 1934లో ఉస్మాన్ సాహెబు తరువాత ఆ గౌరవం దక్కిన భారతీయుడు వీరే.

మరుసటి ఏడే అసలు పరీక్ష. 1937 ఎన్నికలలో శాసనసభలోని 215 స్థానాలకు కాంగ్రెసు 159 గెలిచింది. అయితే గవర్నరు తన విశేషాధికారాలతో జోక్యం చేసుకోరాదన్న హామీ లభించనిదే మంత్రివర్గం ఏర్పరచబోమన్నది. ఓడిన పక్షానికి చెందిన నాయుడు గారు ఏప్రిల్ 1న ప్రధానమంత్రి అయ్యారు. సభలో బలం లేదు. సభను ఎదుర్కొనే ధైర్యమూ ఆ మంత్రివర్గానికి లేకపోయింది. జూలై 14న రాజాజీకి పగ్గాలు అప్పగించి తప్పుకున్నారు. ఇదీ మూడున్నర నెలలే!

పాఠక మహాశయులారా, రెండు పీఠాలూ పైనుండి వచ్చినవే, రెండూ నిలువలేదు. నాయుడు గారికి విద్వత్తు కొరత లేదు, అనుభవం కొరత లేదు. లేనిదల్లా జనామోదం. అది లేని అధికారం వేరు లేని చెట్టు.

అయినను, ఆంగ్లేయుల కొలువు చేసినారన్న ఒక్క కారణాన వారిని మరచిపోవుట న్యాయమా? చివరి సంవత్సరాలలో, మరల శాస్త్రి గారి తరువాతనే, అన్నామలై విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేసి 1942లో కీర్తిశేషులైనారు. పొగడ్త అక్కరలేదు. మన పిల్లలకు ఆ పేరు, దానితోపాటు ఆ పాఠమూ తెలిస్తే చాలు.