వజ్రకరూరు చూచిన పంతొమ్మిదవ శతాబ్ది

మన సాహిత్య చరిత్రలలో పంతొమ్మిదవ శతాబ్ది అనగానే ఒక క్రమం సిద్ధంగా వుంటుంది. 1852లో బ్రౌను నిఘంటువు వెలువడింది. ఆ కాలంలోనే కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. 1874లో వీరేశలింగం పంతులు ‘వివేకవర్ధని’ స్థాపించాడు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించాడు. నీరు వచ్చింది, అచ్చు వచ్చింది, సంస్కరణ వచ్చింది; కనుక అది పునరుజ్జీవన శతాబ్ది. ఏటా బి.ఏ. తరగతికి నేను చెప్పే పాఠం కూడా ఇదే. పరీక్షాపత్రంలో అడిగే ప్రశ్న కూడా ఇదే.

ఈ పాఠంలో అబద్ధం లేదు. అయితే ఇది గోదావరి ఒడ్డున కూర్చుని రాసిన పాఠం. అదే శతాబ్దిని అనంతపురం మెట్టనేల మీద, వజ్రకరూరు నుండి చూస్తే ఏమి కనిపిస్తుంది? ఇది ప్రాంతాభిమానంతో వేసే ప్రశ్న కాదు. ఒక యుగానికి పేరు పెట్టే అధికారం ఎవరిది అన్నదే ఇందులోని అసలు ప్రశ్న.

ఆనాడు వజ్రకరూరు గుత్తి తాలూకాలోని గ్రామం. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడేదాకా ఆ తాలూకా బళ్ళారి జిల్లాలోది. జొన్న, కొర్ర, పత్తి పండే నేల. వానే దానికి కాలువ, వానే దానికి దేవుడు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. సైన్యం ఖర్చు కింద ఒక ప్రభువు మరొక ప్రభువుకు రాసి ఇచ్చిన ఈ నేలకు ‘దత్త మండలం’ అనే పేరు వచ్చింది. దానం చేసినవాడు నేల దున్నలేదు, దున్నినవాణ్ణి ఎవరూ అడగలేదు. మా శతాబ్ది అలా మొదలయింది.

కంపెనీ తరఫున మొదట వచ్చిన ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. 1800 నుండి 1807 వరకు ఆయన ఇక్కడ వుండి ఎనభైమంది పాలెగాళ్ళను అణచివేశాడు, పొలాలు కొలిపించాడు, రయత్వారీ పద్ధతిని నెలకొల్పాడు. మధ్యలో జమీందారు లేకుండా రైతు పేరనే పట్టా, రైతు మీదనే శిస్తు. నిన్నటి దాకా పాలెగాడి గుర్రానికి మేత, వాడి కత్తికి కూలి మోసిన రైతుకు ఇది చిన్న మార్పు కాదు. సీమలో మన్రో పేరు పిల్లలకు పెట్టుకున్నారన్నా, గుడికీ మఠానికీ ఆయన కథలు అల్లుకున్నారన్నా దానికి కారణం వుంది. ప్రజలు వట్టి అమాయకులు కారు.

కాని లెక్క కూడా చూడాలి. మన్రో కట్టిన శిస్తు పంటలో దాదాపు సగానికి సమీపంగా, నూటికి నలభై అయిదు వంతులుగా నిలిచింది. అది ఎక్కువ అని ఆయనకే తెలుసు. 1807 ఆగస్టులో, ఉద్యోగం విడిచిపోయే ముందు, అన్ని భూముల మీద నూటికి ఇరవై అయిదు వంతులు, నీటివసతి గల వాటిమీద అదనంగా ఎనిమిది వంతులు తగ్గించాలని ఆయన సిఫారసు చేశాడు. కంపెనీ ఒప్పుకోలేదు. పైగా ఆ తర్వాత రయత్వారీనే పక్కకు నెట్టి గ్రామాలను మూడేళ్ళకు, పిమ్మట పదేళ్ళకు గుత్తలకు ఇచ్చింది. గుత్తదారులు చితికిపోయారు, రైతులు వారికంటె ముందే చితికిపోయారు. మన్రో మద్రాసు గవర్నరై తిరిగివచ్చిన 1820 ప్రాంతంలోగాని ఆ తగ్గింపు అమలుకు రాలేదు. ఒక మంచి అధికారి తన మంచితనాన్ని అమలుజరపటానికి పదమూడేళ్ళు పట్టిందంటే, లోపం వ్యక్తిలో లేదు, వ్యవస్థలోనే వుంది. మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించాడు. మొదట గుత్తిలోనే పూడ్చి, 1831లో అస్థికలను మద్రాసుకు తరలించారు. ఆయన మద్రాసు చేరినా శిస్తు పద్ధతి మాత్రం ఇక్కడనే మిగిలింది.

అణగిన పాలెగాళ్ళ కథ కూడా అంతటితో ముగియలేదు. తాతల పాలెం పోయి నెలకు పదకొండు రూపాయల భరణం మీద బతకవలసివచ్చిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. ఆ తిరుగుబాటులో పాత ప్రభువర్గపు కడుపుమంట వున్నమాట నిజమే. ఆ మంటకు జనం కూడా తోడుకావటానికి కారణం శిస్తుల బరువులో వుందనేది అంతకన్న ముఖ్యమైన నిజం.

విద్య సంగతికి వద్దాం. గవర్నరుగా మన్రో 1822లో దేశీయ పాఠశాలల లెక్కలు పంపమని కలెక్టర్లను ఆజ్ఞాపించాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. తెలుగు వ్యాకరణం రాసిన వ్యక్తి కనుక ఆయన చూపు లోతైనది. జిల్లాలో 533 పాఠశాలలు. చదివే పిల్లలు 6,641 మంది. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, సంస్కృతానివి 23, మరాఠీవి 23, పారశీకానివి 21, అరవ బడులు 4, ఇంగ్లీషుది ఒక్కటి. హిందూ బాలికలు అరవై మంది మాత్రమే. ఆ అరవై అంకె ముందు మన ‘స్వర్ణయుగ’ వాదులు తల దించుకోవాలి.

అయితే మిగతా నివేదిక ముందు తల దించుకోవలసింది మరొకరు. బడులు క్షీణించటానికి కారణం దేశం పేదదై పోవటమేనని ఆ కలెక్టరే రాశాడు. ఇంగ్లండు బట్టలు వచ్చిపడి నేతపని మీద బతికేవారి రాబడి పడిపోయిందనీ, పిల్లల్ని బడికి పంపే శక్తి తల్లిదండ్రులకు లేకుండా పోతున్నదనీ, అన్ని బడులలో ఒక్కదానికైనా ప్రభుత్వ సహాయం లేదనీ ఆయన దాచకుండా చెప్పాడు. ఈ మాటలు జాతీయవాదులు తర్వాత కల్పించినవి కావు, కంపెనీ కచేరీలోంచే వెలువడ్డాయి.

తెలుగు చెప్పుకునే మాకు ఆ నివేదికలో మరొక పాఠం వుంది. బడులలో పిల్లలు వల్లించే పుస్తకాలన్నీ వాడుకలో లేని కావ్యభాషలో వున్నాయనీ, పిల్లలు అర్థం తెలియకుండా చిలుకల్లా అప్పజెబుతున్నారనీ క్యాంప్‌బెల్ గమనించాడు. గిడుగు, గురజాడ ఉద్యమించటానికి ఎనభై ఏళ్ళకు పైగా ముందే, బళ్ళారి వీధిబడిలో ఆ సమస్య కనిపించింది. వ్యావహారిక భాషావాదం కోస్తాలో పుట్టినా, దాని అవసరం సీమలో అప్పటికే వుందన్నమాట.

మన గతాన్ని భద్రపరచిన వారిలో ఇద్దరు దొరలకు మనం ఋణపడివున్నాం. కర్నల్ మెకంజీ కొలతల నిమిత్తం ఈ మండలాలలో తిరుగుతూ గ్రామాల కైఫీయతులు రాయించాడు. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి తాళపత్రాలు సేకరించాడు. కావ్యగౌరవం లేదని పండితులు పక్కన పెట్టిన వేమనను 1829లో అచ్చువేశాడు. ఇక్కడ తోటివారి పేర్లు మరవకూడదు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు లేనిదే మెకంజీ సంగ్రహం లేదు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి వంటివారు లేనిదే బ్రౌను గ్రంథాలయం లేదు. పాలించటానికి తెలుసుకోవాలి కనుక పాలకుడు సేకరించాడు. ఆ సేకరణే తర్వాత పాలితుని ఆత్మజ్ఞానానికి పనిముట్టయింది. చరిత్ర గమనంలోని ఈ వైరుధ్యాన్ని గుర్తించనివారు బ్రౌనును దేవుణ్ణైనా చేస్తారు, దొంగనైనా చేస్తారు. రెండూ తప్పే.

ఇక శతాబ్ది నడిబొడ్డుకు వద్దాం. సీమ పల్లెల్లో 1876–78 అని ఎవరూ అనలేదు. ‘ధాత ఈశ్వర కరువు’ అన్నారు. ధాత ఒక సంవత్సరం, ఈశ్వర మరొకటి. రెండేళ్ళు వాన లేదు. 1871 నాటికే మద్రాసు రైలుమార్గం గుత్తి, గుంతకల్లుల మీదుగా రాయచూరు చేరింది. రైలుంటే కరువుండదని అంతవరకు చెప్పారు. రైలు ధాన్యాన్ని తెచ్చిన మాట నిజం. కొనే శక్తి లేనివాడికి ధాన్యం వచ్చినా రాకున్నా ఒకటేనన్నది అంతకన్న నిజం. పనీ లేదు, కూలీ లేదు; ధర మాత్రం రైలు వేగంతో పెరిగింది.

1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ దర్బారు జరిపి, విక్టోరియా రాణి ఇండియా చక్రవర్తిని అయినదని చాటించాడు. అదే నెలలో కరువును తనిఖీ చేయటానికి మద్రాసుకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనులలో రాళ్ళు కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యమూ, ఆపైన కొద్దిపాటి పైకమూ చాలునని నిర్ణయించాడు. ఒక పౌను అంటే అర కిలోకు తక్కువ. మద్రాసు ఆరోగ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ దాని మీద గట్టిగా వాదించాడు; ఆ తిండితో పనిచేసే శరీరం నిలవదన్నాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. అప్పటికే ఆలస్యమయింది. 1871 జనాభా లెక్కలలో బళ్ళారి జిల్లాలో సుమారు పదహారు లక్షల అరవై ఎనిమిది వేల మంది వున్నారు. 1881లో పదమూడు లక్షల ముప్పై ఏడు వేలు. చావులు, వలసలు, పుట్టని బిడ్డలు అన్నీ కలిసి, అయిదుగురిలో ఒకరు లేకుండా పోయారు.

సరిగ్గా ఆ కాలంలోనే, 1878లో, ‘రాజశేఖర చరిత్రము’ వెలువడటం మొదలయింది. తెలుగు నవల జన్మించిన సంవత్సరమని మనం విద్యార్థులకు చెబుతాం, చెప్పాలి కూడా. అయితే బళ్ళారి జిల్లాలో అయిదోవంతు జనం తుడిచిపెట్టుకుపోయిన కాలం కూడా అదేనని ఎందుకు చెప్పం? వీరేశలింగం పంతులును తక్కువ చేయటానికి కాదు ఈ మాట. ఆనకట్ట కింద మిగులు పంట, ఆ పంట మీద మధ్యతరగతి, ఆ తరగతి నుండి పత్రికలూ పాఠకులూ వచ్చారు. నీరు లేనిచోట సంస్కర్త పుట్టకపోవటం ఆ నేల మాంద్యం కాదు. పునాదికీ, దానిమీది కట్టడానికీ గల సంబంధానికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ మన దేశంలో వెతకనక్కరలేదు.

కరువు వెళ్ళి నాలుగైదేళ్ళు తిరగకుండానే వజ్రకరూరు పేరు సీమను దాటి పోయింది. అయితే అది ఆకలి గురించి కాదు, వజ్రాల గురించి. తొలకరి వాన వెలిసిన తర్వాత చేలల్లో రాళ్ళు ఏరుకోవటం ఇక్కడ పాత ఆచారం. 1880ల తొలినాళ్ళలో అరవై ఏడు క్యారట్ల పైచిలుకు రాయి ఒకటి దొరికింది. సానబట్టిన తర్వాత అది ఇరవై నాలుగు క్యారట్లకు పైగా తూగింది. అంతకు పదేళ్ళ ముందే దక్షిణాఫ్రికాలో కింబర్లీ గనులు తెరుచుకున్నాయి. దానితో పెట్టుబడిదారుల దృష్టి ఇటు మళ్ళింది. ఫ్రెంచి భూగర్భ శాస్త్రజ్ఞుడు షాపేర్ ఇక్కడి పెగ్మటైటు శిలలోనే వజ్రం పుట్టిందని 1884లో ప్రకటించాడు. భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1889లో వజ్రకరూరు వజ్రాలను గురించి రాస్తూ ఆ వాదాన్ని శంకించాడు. ఊరి దగ్గరి నీలిరాతిని కింబర్లీ రాతితో పోల్చి తవ్వినవారికి ఆశించిన ఫలం దక్కలేదు. ఆ పోలిక మాత్రం వృథా కాలేదు. అది కింబర్లైటు శిలేనని ఇరవయ్యో శతాబ్దపు పరిశోధన స్థిరపరచింది.

ఈ నేల లోపల ఏముందో తెలుసుకోవటానికి లండను, పారిస్ శాస్త్రజ్ఞులు వాదులాడుకున్నారు. నేల మీద ఎవరున్నారో తెలుసుకోవటానికి అంత తాపత్రయం ఎవరికీ కలగలేదు. వజ్రం దొరికిన రైతు కథలు పల్లెల్లో ఎన్నైనా వింటాం. వజ్రంతో బాగుపడిన పల్లె కథ ఒక్కటీ వినం.

అలాగని ఈ శతాబ్ది ఇక్కడ వట్టి శ్మశానం కాదు. రయత్వారీ పట్టాతో భూమి తగాదాలు, తగాదాలతో కోర్టులు, కోర్టులతో ప్లీడర్లు వచ్చారు. ఈ కొత్త తరగతి బళ్ళారిలో నాటకరంగాన్ని కట్టింది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1887లో ‘చిత్రనళీయం’ ప్రదర్శింపజేశాడు. కోలాచలం శ్రీనివాసరావు చారిత్రక నాటకాలకు దారితీశాడు. ఇద్దరూ వృత్తిచేత ప్లీడర్లే. గంజి కోసం జనం బారులు తీరిన జిల్లాలో, పదేళ్ళకే జనం టిక్కెట్టు కొని నలుడి కష్టాలు చూడటం తెలుగు నాటక చరిత్రలో పెద్ద మలుపు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరటంతో ఈ అధ్యాయం రెండు రాష్ట్రాల చరిత్రల మధ్య జారిపడింది. గుత్తి ప్లీడరు పట్టు కేశవపిళ్ళె 1885లో బొంబాయి కాంగ్రెసు తొలి సభకు వెళ్ళిన డెబ్భై పైచిలుకు ప్రతినిధులలో ఒకడు.

కాని ఈ ప్రాంతపు పంతొమ్మిదవ శతాబ్దికి ప్రతినిధిగా నేను ఎన్నుకునేది ప్లీడరును కాదు, రైల్వేగేటు కాపలాదారును. గూళపాళ్యం హంపన్న గుంతకల్లు దగ్గర గేటు కాచేవాడు. 1893 అక్టోబరు 4న తెల్ల సిపాయిలు ఇద్దరు స్త్రీలను వెంటాడారు. వారు పరుగెత్తుకొచ్చి హంపన్నను శరణు కోరారు. ఆయన వారిని లోపల దాచి వాకిట అడ్డంగా నిలిచాడు. సిపాయి తుపాకి పేల్చాడు. హంపన్న ప్రాణం పోయింది. కేశవపిళ్ళె ‘ది హిందూ’ ద్వారా ఈ ఘోరాన్ని లోకానికి తెలియజేశాడు. విచారణ మద్రాసు హైకోర్టుకెక్కింది. నిందితుడు నిర్దోషిగా బయటపడ్డాడు. జనం చందాలు వేసుకుని హంపన్నకు స్మారకశిల నిలిపారు.

స్త్రీ గౌరవాన్ని గురించి వీరేశలింగం పంతులు వ్యాసాలు రాశాడు, హంపన్న ప్రాణం ఇచ్చాడు. ఒకరిది పాఠ్యగ్రంథాలలో చోటు, మరొకరిది జిల్లా జ్ఞాపకంలో చోటు. ఈ ఇద్దరినీ ఒకే అధ్యాయంలో చేర్చగలిగినప్పుడే మనం రాసేది ప్రజల చరిత్ర అవుతుంది.

అందుచేత అధ్యాపక మిత్రులకు నా సూచన ఒకటే. పునరుజ్జీవనాన్ని తీసివేయమని నేను అనను. దాని పక్కన ధాత ఈశ్వర కరువును నిలబెట్టి చెప్పండి. బ్రౌను నిఘంటువు పక్కన క్యాంప్‌బెల్ నివేదికను చదివించండి. సెలవులకు ఇంటికి వెళ్ళే విద్యార్థి చేత తన ఊరి కైఫీయతు తీయించండి. ఆ కరువు మాట ముత్తాతల నుండి ఏ రూపంలో మిగిలిందో ఇంటిలోని ముసలివారినడిగి రాసుకోమనండి. వజ్రాలేరేవారు వానకోసం కాచుకుంటారు. ఈ ఏరుకోవటానికి వాన కూడా అక్కరలేదు.