బయ్యారము చెరువు: కట్టినవారు, కాచినవారు

మన పూర్వులు సప్తసంతానములలో తటాకమును చేర్చిరి. కన్నకొడుకువలెనే చెరువును పేరు నిలుపునని వారి నమ్మకము. కాని కొడుకును కన్నంతమాత్రమున చాలదు, పెంచవలయును. చెరువు కట్టించినవారి కథను శాసనములు చెప్పుచున్నవి. దానిని తరతరములుగ కాచినవారి కథను మేమిచట కొంత చెప్పదలచితిమి.

ఖమ్మమునకు ఉత్తరమున, ఇల్లందు అడవుల చేరువను బయ్యారమను గ్రామము కలదు. అటనుండి తూర్పుగా భద్రాచలమువైపు పోయినచో అంతయు అడవుల సీమయే. 2016 వఱకు ఖమ్మము జిల్లాలోనుండిన ఈ గ్రామము నేడు మహబూబాబాదు జిల్లాలో చేరినది. ఇచటి పెద్దచెరువును కాకతి గణపతిదేవుని (1199–1262) సోదరి, నతవాడి సీమ ప్రభువగు రుద్రుని పత్ని మైలాంబ కట్టించి, ధర్మకీర్తి సముద్రమని పేరిడెను. ఆమె వేయించిన శాసనమున కాకతీయుల తొలితరముల వరుస కలదు. ఆ వంశచరిత్రకు నేడు అది ముఖ్యమగు ఆధారము.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యముల పాలయ్యెను. రాజ్యము పోయెను, చెరువు నిలిచెను. ఏల? చెరువును కాచుట రాజునకు మాత్రమే వదలిన పని కాకుండుటచేతనే. చెరువు త్రవ్వినవానికిని, బాగుచేసినవానికిని ఆయకట్టులో కొంత భాగమును దశబంధమను పేర మాన్యముగ నిచ్చుచుండిరి. ఆ మాన్యము ననుభవించువాడు కట్టను కనిపెట్టియుండవలయును. తూము తెరచి మూయుటకు, మడిమడికి నీరు పంచుటకు నీరటికాడుండెను. అతనికి కళ్లములో గింజలే జీతము. పంట పండిననే అతని యింట కుండ పొంగును. కావున చెరువు క్షేమమే అతని క్షేమము.

కడప సీమలోని పోరుమామిళ్ల శాసనము (1369) చెరువునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను చెప్పుచున్నది. కట్టనుండి నీరు కారుట ఒక దోషము. రెండు రాజ్యముల పొలిమేరనుండుట మఱియొకటి. ఇది చదివి మేము మొదట ఆశ్చర్యపడితిమి. ఆలోచింపగా అర్థమైనది. అట్టి చెరువు నీటికి ఇరువురును యజమానులే. గండిపడిననాడు మాత్రము ఎవ్వరును కారు.

ఇటీవలి కాలమున మన ఊరిచెరువులకు ఈ పొలిమేరదోషమే పట్టినది. పాత కట్టుబాట్లు సడలెను; మరమ్మతు సర్కారు పనియని ప్రజలూరకుండిరి. గొట్టపుబావులు వచ్చినపిదప రైతు చూపు చెరువునుండి మరలెను. ఎగువ అడవి పలుచబడినకొలది వానకు మట్టి కొట్టుకొనివచ్చి చెరువులు పూడెను. శిఖము భూములు పలుచోట్ల సాగులోనికి పోయెను. గొలుసుకట్టు చెరువులలో ఒకదాని కట్ట తెగినచో దిగువ చెరువులకును ముప్పే.

ఈ స్థితిని మార్చుటకు యత్నములు జరిగినవి. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చట్టము చేసి ఆయకట్టు రైతులకు నీటి వినియోగదారుల సంఘముల నేర్పరచెను. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేర 46,531 చెరువుల పునరుద్ధరణకు పూనుకొనెను. ప్రభుత్వము పూడిక తీయించగా, రైతులు తమ ఖర్చుతో ఆ మట్టిని ట్రాక్టర్లపై పొలములకు తోలుకొనిరి. చెరువునకు లోతు, చేనికి బలము. నీరటికాని గింజలలోనున్న నీతియే ఇందును కలదు: చెరువు బాగుపడిన తనకు మేలు కలుగునని ఎఱిగినవాడే చెరువును కాచును.

అయినను పూడిక ఒకసారి తీసినంతమాత్రమున తీరునది కాదు. ఎగువ అడవి నిలువనిచో అది మరల చేరును. మైలాంబ పేరు రాతిమీద నిలిచినది. ఏటేట కట్టమీద తట్టెడు మన్ను పోసినవారి పేరులు ఏ రాతిమీదను లేవు. చెరువులో నీరు నిలిచియుండుటయే వారి శాసనము. తొలకరికి ముందు మన ఊరి కట్టమీద ఒకసారి నడచి, తూమును, అలుగును చూచి వచ్చినచో, ఆ శాసనమున మనమును ఒక పంక్తి చేర్చినవారమగుదుము.