కుట్టు వేస్తే సరిపోతుందా? ఫిస్టులా వైద్యం వెనక కథ

నేను జహీరాబాద్ నుంచి మాట్లాడుతున్నాను. ఇది ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినాల్సిన టాపిక్ అని కొందరు అంటారు. నేనైతే స్పీకర్ ఆన్ చేసి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని వినమంటాను.

మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఒక పెద్దమ్మ ఉండేది. పెళ్లికి వచ్చినా పందిరి బయటే నిలబడేది, భోజనాల టైంకి వెళ్లిపోయేది. ఆమెకు పొగరు అనుకునేవాళ్లం. కాన్పు కష్టమైనప్పటి నుంచి మలం ఆమె అదుపులో లేదని, ఆ వాసన భయంతోనే అలా ఉండేదని చాలా ఏళ్లకు అమ్మ చెప్పింది.

ఆ జబ్బుకి ఒక పేరుంది. రెక్టోవెజైనల్ ఫిస్టులా. పెద్దపేగు చివరి భాగానికి, యోనికి మధ్య ఉన్న గోడలో రంధ్రం పడటం అన్నమాట. కాన్పు రోజుల తరబడి సాగితే బిడ్డ తల ఒత్తిడికి అక్కడి కండకు రక్తం అందదు. ఆ కండ చచ్చిపోయి రంధ్రం పడుతుంది. కాన్పులో లోతుగా చిరిగినా, క్రోన్స్ అనే పేగు జబ్బు వల్ల, క్యాన్సర్‌కి ఇచ్చే రేడియేషన్ వల్ల కూడా రావచ్చు. శాపం కాదు, పాపం అంతకన్నా కాదు.

ఇక చరిత్రలోకి వెళ్దాం. 1845, అమెరికాలోని మాంట్‌గోమరీ. మారియన్ సిమ్స్ అనే డాక్టర్ బానిస స్త్రీల మీద ఫిస్టులా ఆపరేషన్లు మొదలుపెట్టాడు. అనార్కా, బెట్సీ, లూసీ అనే ముగ్గురి పేర్లు మనకు మిగిలాయి. బానిసలకు వద్దు అనే హక్కు ఎక్కడిది? అనార్కాకు మూత్రాశయం వైపూ, పేగు వైపూ రంధ్రాలే. ఆమెకు దాదాపు 30 ఆపరేషన్లు చేశాడు, అదీ మత్తు లేకుండా. 1849లో వెండి తీగ కుట్లతో సక్సెస్ అయ్యాడు. డాక్టర్‌కి విగ్రహం పెట్టారు. 2018లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ నుంచి దాన్ని తీసేశారు. రంధ్రం మూసింది సరే, ఆమె మనసు సంగతి ఎవరూ అడగలేదు.

నొప్పి లేకుండా కోయడం మీద మన హైదరాబాద్‌లోనూ పెద్ద పని జరిగింది. 1888, 1889లలో నిజాం డబ్బుతో, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో క్లోరోఫామ్ కమిషన్లు నడిచాయి. అందులో పనిచేసిన రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు. క్లోరోఫామ్ గుండెకు ప్రమాదం కాదన్న వాళ్ల మాట తర్వాత తప్పని తేలింది. కానీ పేషెంట్ నొప్పి కూడా డాక్టర్ బాధ్యతే అన్న ఆలోచన నిలబడింది.

మరి మనసు నొప్పి? 1959లో కేథరిన్, రెజినాల్డ్ హామ్లిన్ అనే డాక్టర్ దంపతులు ఇథియోపియా వెళ్లారు. 1974లో అడిస్ అబాబాలో ఫిస్టులా కోసమే ఆసుపత్రి కట్టారు. వాళ్ల దగ్గరికి పేషెంట్‌గా వచ్చిన మామితు గాషే అనే అమ్మాయి పని నేర్చుకుని, తానే ఫిస్టులా ఆపరేషన్లు చేసే స్థాయికి ఎదిగింది. తనలాంటి మనిషే ఎదురొచ్చి పలకరిస్తే, కొత్తగా వచ్చినామెకు ఎంత ధైర్యమో ఆలోచించండి.

ఇప్పుడు క్లిష్టమైన కేసుల్లో ఒక్క డాక్టర్ సరిపోడు. గైనకాలజిస్ట్, పేగుల సర్జన్, ప్లాస్టిక్ సర్జన్, ఫిజియోథెరపిస్ట్, కౌన్సిలర్ కలిసి కూర్చోవాలి. కొందరికి ముందు పొట్ట మీద దారి తెరిచి, మలం సంచిలోకి వచ్చేలా చేస్తారు. దీన్నే స్టోమా అంటారు. పుండు ఆరడానికి కొన్ని నెలలు ఆగుతారు. తర్వాత పక్కనున్న కొవ్వునో, తొడ కండనో తెచ్చి రెండు గోడల మధ్య అడ్డం పెట్టి కుడతారు. ఒక్కసారికే అతుక్కోకపోవచ్చు. ఆ నెలల్లో నిద్ర పట్టదు, భర్త పక్కన పడుకోవాలంటే భయం, బస్సెక్కాలన్నా భయం. కాబట్టి కౌన్సిలింగ్ ఆఖర్లో ఇచ్చే సలహా కాదు, మొదటి రోజు నుంచే నడవాల్సిన ట్రీట్‌మెంట్.

మా జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008 నుంచి సంఘం రేడియో ఉంది. పొలం పని చేసే దళిత ఆడవాళ్లే మైక్ పట్టుకుని విత్తనాల గురించి, పంటల గురించి మాట్లాడతారు. మైక్ ముందు సిగ్గుపడని ఊళ్లు మావి. ఈ ఒక్క మాట దగ్గర ఎందుకు ఆగిపోవాలి?

మీ ఇంట్లో ఎవరైనా పెళ్లిళ్లకు రావడం మానేశారా? పొగరు అనుకోకండి. పక్కన కూర్చుని మెల్లగా అడగండి. గైనకాలజిస్ట్ దగ్గరికి తోడు వెళ్లండి. మా పెద్దమ్మను ఎవరూ అడగలేదు.