చీలిన సౌండుకు గిరాకీ

అప్పటి కృష్ణా జిల్లా మెట్ట ఊళ్లలో పెళ్లి జరుగుతున్న సంగతి పక్క ఊరికి చాటింది చాలాకాలం మైకు సెట్టే. జి.కొండూరు, నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల వేపచెట్టు కొమ్మకో డాబా పిట్టగోడకో హారన్ కట్టేవాళ్లు. పందిట్లో యాంప్లిఫయర్ పెట్టి, కరెంటు అందని చోట 12 వోల్టుల బ్యాటరీకి తగిలించేవాళ్లు. 1940లో ఢిల్లీలో మొదలైన ఆహూజా రేడియోస్ పేరు తెలియని మైకు సెట్టు యజమాని ఉండడు. పెళ్లికొడుకు స్నేహితులు వాల్యూమ్‌ను చివరికంటా తిప్పేసరికి పాట బొంగురుపోయేది. ‘సౌండ్ చీలుతోంది, తగ్గించండి’ అంటూ ఆపరేటర్ పరిగెత్తుకొచ్చేవాడు. అతని కంగారు పాట గురించి కాదు, హారన్ వెనకున్న యూనిట్ గురించి. అది కాలిపోతే ఆ రోజు కిరాయి దానికే సరి.

చీలడమంటే ఏమిటో పెద్ద లెక్కలు లేకుండానే చెప్పుకోవచ్చు. యాంప్లిఫయర్ ఇవ్వగల వోల్టేజీకి ఒక హద్దుంది. ఆ హద్దు దాటబోయిన శబ్ద తరంగం శిఖరం పైనా కిందా చదునుగా తెగిపోతుంది. తెగినచోట అసలు పాటలో లేని కొత్త పౌనఃపున్యాలు పుడతాయి. చెవికి ఆ గరుకు వాటివల్లే.

మన ఆపరేటర్ ఏ రోగానికైతే పరిగెత్తేవాడో, దాన్నే అమెరికాలో చిన్న డబ్బాలో పెట్టి అమ్మారు. 1951 మార్చిలో మెంఫిస్‌లోని శామ్ ఫిలిప్స్ స్టూడియోకు ఐక్ టర్నర్ బృందం ‘రాకెట్ 88’ రికార్డింగుకు వచ్చింది. దారిలో గిటారిస్టు విల్లీ కిజార్ట్ యాంప్లిఫయర్ దెబ్బతింది. చినిగిన స్పీకర్ కోన్‌లో కాగితాలు కూరి పని కానిచ్చారని ప్రతీతి. పదేళ్ల తర్వాత నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’ రికార్డు చేస్తుండగా మిక్సింగ్ కన్సోల్‌లో ఒక ఛానల్ పాడై, గ్రేడీ మార్టిన్ గిటార్ బుర్రుమంది. ఆ ముక్క తీసెయ్యలేదు, పాట హిట్టయింది. ఇంజనీరు గ్లెన్ స్నాడీ అలాంటి శబ్దమే చేసే సర్క్యూట్ తయారుచేస్తే గిబ్సన్ కంపెనీ 1962లో దాన్ని మేస్ట్రో ఫజ్-టోన్ పేరుతో బజారులో పెట్టింది. మూడు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, రెండు సెల్లులు, అంతే సరుకు. మొదట పెద్దగా పోలేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ ‘సాటిస్‌ఫాక్షన్’ వచ్చాక గిరాకీ పెరిగింది.

మన దగ్గర లోపం లోపంగానే ఉండిపోయింది. దాన్ని వెతికి పట్టుకునే పని మాత్రం వృత్తిగా పెరిగింది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి రేడియో పెట్టుకునే ఇళ్లతోపాటు రేడియో మెకానిక్‌లూ పెరిగారు. వాల్వు రేడియోలో ఒక్కోచోట 250 వోల్టులు నిలిచి ఉంటాయి. అందుకే ఒక చెయ్యి జేబులో పెట్టుకుని రెండో చేత్తోనే పని చెయ్యమని గురువులు చెప్పేవారు. తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి. బెంగళూరులోని బీఈఎల్ తయారుచేసిన జెర్మేనియం ఏసీ128 లాంటివి రేడియోల్లో విరివిగా వాడారు. 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ ‘ఫజ్ ఫేస్’ అనే, గిటార్ శబ్దాన్ని ఇలాగే చీల్చే పెడల్ తెచ్చింది. ఇప్పటికీ దాన్ని ఇంట్లో అనుకరించేవాళ్లు ముందుగా ఏరుకునే ట్రాన్సిస్టర్లలో ఏసీ128 ఒకటి. అయితే జెర్మేనియానికి ఎండ పడదు. వేడెక్కినకొద్దీ లీకేజీ కరెంటు పెరిగి, పెట్టిన బయాస్ చెదిరిపోతుంది. మే నెలలో 45 డిగ్రీలు చూసే జగ్గయ్యపేటలో మధ్యాహ్నం దాన్ని వాయించాలనుకోవడం కొంచెం సాహసమే. ఆ లెక్కన సిలికాన్ ట్రాన్సిస్టర్ మెట్టకు మేలు చేసింది.

రేడియో మెకానిక్ దగ్గర ఆసిల్లోస్కోప్ ఉండేది కాదు. చేతిలో స్క్రూడ్రైవర్, బల్లమీద మీటర్, ఆపైన చెవి. రేడియో మూగబోతే స్పీకర్ వైపు నుంచి వెనక్కి వచ్చేవాడు. వాల్యూమ్ కంట్రోల్ నడి కాలికి స్క్రూడ్రైవర్ మొన తగిలించి వేలు ఆనిస్తే, బుర్రుమంటే అక్కణ్నుంచి స్పీకర్ దాకా అంతా బాగున్నట్టే. లోపం దానికి ముందు అరలో ఉంది. అలా ఒక్కో అరా వెనక్కి జరుగుతూ పోతే, ఒకచోట బుర్రు ఆగిపోతుంది. దొంగ అక్కడే. ఇప్పటి పెడల్ తయారీదారులు ఆడియో ప్రోబ్ అనే తీగ ముక్కతో చేసేది ఈ పనే, కాకపోతే ఎదురు దిశలో. గిటార్ మోగిస్తూ, ప్రోబ్‌ను యాంప్లిఫయర్‌కు తగిలించి, శబ్దం ఏ కాలి దగ్గర మాయమవుతుందో వింటారు. ప్రోబ్ కొసన ఒక కండెన్సర్ ఉంటే చాలు, బ్యాటరీ వోల్టేజీ యాంప్లిఫయర్‌లోకి పోదు.

కరెంటు సాయంతో స్వరాన్ని నిలబెట్టుకోవాలన్న ఆశ మన సంగీతానికీ లేకపోలేదు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ తొమ్మిదేళ్ల వయసులో, 1978లో, గుడివాడ త్యాగరాజ ఉత్సవంలో మాండలిన్‌తో తొలి కచేరీ చేశాడు. మామూలు మాండలిన్ తీగ మీటగానే శబ్దం చప్పున ఆరిపోతుంది, గమకానికి అందదు. జంట తీగలు మానేసి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌కు మారాక ఆయన స్వరం సాగింది. సౌండును చీల్చే ఓవర్‌డ్రైవ్ కూడా స్వరాన్ని సాగదీస్తుంది, దారి వేరు. తీగ శబ్దం తగ్గుతున్నా, హద్దుకు కోసిన తరంగం ఎత్తు చాలాసేపు అంతే ఉంటుంది. శ్రీనివాస్ శుభ్రమైన శబ్దాన్ని కోరుకున్నాడు, రాక్ గిటారిస్టు మురికిని కోరుకున్నాడు. ఇద్దరూ నిలకడ కోసమే వెతికారు.

జి.కొండూరు 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. ఈ చుట్టుపక్కల ఊళ్లలో గిటార్ ఎక్కువగా కనబడేది చర్చిల్లో. జి.కొండూరు దాటి ముందుకు పోతే మైలవరంలో 1998లో పెట్టిన లకిరెడ్డి బాలిరెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఇలాంటి చోట ఓ కుర్రాడు మొదటి పెడల్ కట్టుకోవడానికి ఒక ట్రాన్సిస్టర్, రెండు 1ఎన్4148 డయోడ్లు, నాలుగైదు రెసిస్టర్లు, కండెన్సర్లు, 9 వోల్టుల బ్యాటరీ చాలు. గిటార్ పికప్ ఇచ్చేది వోల్టులో పదో వంతు, అటూ ఇటూ. ట్రాన్సిస్టర్ దాన్ని పెంచుతుంది. ఎదురెదురుగా కట్టిన డయోడ్లు 0.6 వోల్టు దగ్గర కోసేస్తాయి.

చిక్కంతా ట్రాన్సిస్టర్ కాళ్ల దగ్గరే. అమెరికన్ సర్క్యూట్ పటాల్లో 2ఎన్3904 ఉంటుంది, మన షాపుల్లో సులువుగా దొరికేది బీసీ547. చదును ముఖం మనవైపు పెడితే మొదటిదాని కాళ్లు ఎమిటర్, బేస్, కలెక్టర్. రెండోదానికి సరిగ్గా తిరగేసి. పటం చూసి అలాగే పెట్టేస్తే శబ్దం పూర్తిగా పోదు, సన్నగా వస్తూనే ఉంటుంది. కట్టినవాడు డయోడ్లనూ బ్యాటరీనీ అనుమానిస్తాడు. పూర్తిగా చచ్చిన సర్క్యూట్ కన్నా ఇలా సగం బతికిన సర్క్యూట్‌తోనే ఎక్కువ అవస్థ.

మరోటి డ్రై సోల్డర్. మెరవకుండా బూడిదరంగులో గుండ్రంగా ఉబ్బిన అతుకు కంటికి బాగానే ఉంటుంది, బోర్డును వేలితో నొక్కితే శబ్దం వచ్చిపోతుంది. అడాప్టర్ గొడవ వేరే. పెడల్ లోకంలో మధ్య పిన్ను నెగిటివ్, సాధారణంగా షాపుల్లో దొరికే అడాప్టర్లకు పాజిటివ్. చూసుకోకుండా తగిలిస్తే కాలేది పెడలే. ఆపైన చవక అడాప్టర్ నుంచి వచ్చే 100 హెర్ట్జ్ హమ్ గిటార్ లావు తీగ మూడో మెట్టుకు దగ్గరి శ్రుతి, కాబట్టి పాటలో కలిసిపోయి కొన్నిసార్లు దొరక్కుండా తప్పించుకుంటుంది.

పక్కనే కొండపల్లి ఉంది కదా అని తెల్ల పొణికి చెక్కతో డబ్బా చేయించుకోవాలని ఎవరికైనా అనిపించవచ్చు. బొమ్మలకు ఆ మెత్తని తేలికపాటి చెక్క అద్భుతం. పెడల్‌కు మాత్రం లోపల రేకు తొడిగి ఎర్త్‌కు కలపకపోతే గదిలోని ట్యూబ్‌లైటు హమ్మంతా లోపలికొస్తుంది. ఆ లెక్కన స్టీలు టిఫిన్ డబ్బాయే నయం.

ట్రాన్సిస్టర్ పెడల్ పలికాక రెండో పెడల్‌కు సరుకు కోసం దూరం పోనక్కర్లేదు. 1979లో ఐబనేజ్ తెచ్చిన ట్యూబ్ స్క్రీమర్ టీఎస్808లో గుండెకాయ 4558 అనే ఎనిమిది కాళ్ల ఐసీ. ఊరూరా అసెంబుల్ చేసిన యాంప్లిఫయర్లలో 4440 పవర్ ఐసీ బోర్డు ముందర కూర్చునే బాస్-ట్రెబుల్ బోర్డు మీద ఉండేదీ అదే 4558. పాతికేళ్ల పాత టేప్‌డెక్ బోర్డు మీద దొరికినా పనికొస్తుంది. కాలిందో లేదో తెలుసుకోవడానికి మీటర్ చాలు. పెడల్‌లో పెట్టాక 8వ కాలికీ 4వ కాలికీ మధ్య 9 వోల్టులు, 1వ కాలి దగ్గర సుమారు 4.5 చూపిస్తే ఐసీని వదిలేసి అతుకులు చూసుకోవాలి.